గోడ దూకిన లడ్డూ, ఇంట్లో ఆపరేషన్ గొడవ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది విజయవాడ, ఇండిపెండెంట్ ఇల్లు. మా లడ్డూ లాబ్రడార్, మగ. ఫిబ్రవరిలో పుట్టాడు, ఇప్పుడు తొమ్మిది నెలలు, 28 కేజీలు. రెండు నెలల నుంచి వాడు వాడిలా లేడు. సోఫా దిండు మీద, మా బాబు కాలి మీద ఎక్కేస్తున్నాడు, స్కూటీ చక్రానికీ వాషింగ్ మెషీన్‌కీ కాలెత్తుతున్నాడు. అక్టోబర్‌లో వీధిలో ఆడకుక్క వెనకాల గోడ దూకి పోయి, మర్నాడు సాయంత్రం చెవి చిరిగి కుంటుకుంటూ వచ్చాడు. వాటర్ క్యాన్ అబ్బాయి వస్తే గుర్రుమంటున్నాడు. ఒక డాక్టర్ గారు ఆరో నెలలోనే విత్తులు తీసే ఆపరేషన్ చేయించాల్సింది, రేపే తీసుకురండి అన్నారు, ఇంకొకాయన ఏడాదిన్నర దాకా ముట్టుకోవద్దన్నారు. మావారేమో వాడి మగతనం తీసేసే హక్కు మనకెక్కడిది అంటారు, అత్తయ్యగారు పాపం తగులుతుంది అంటారు. పక్క వీధిలో ఆడ లాబ్ ఉన్నవాళ్ళు ఒక్కసారి క్రాసింగ్ చేయిస్తే వాడే నెమ్మదిస్తాడు, ఒక పిల్లని మీకిస్తాం అంటున్నారు. నాకు పిచ్చెక్కుతోంది. చేయించాలా వద్దా, చేయిస్తే ఎప్పుడు?

సమాధానం: ఆపరేషన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ చిరిగిన చెవి. వీధికుక్కలతో కొట్లాడి వచ్చాక లడ్డూకి రేబీస్ బూస్టర్ వేయించారా? మీరు అంత వివరంగా రాసి ఆ ఒక్క మాట రాయలేదు. మూడో నెలలో వ్యాక్సిన్ వేయించేశాం కదా అని ఊరుకోకండి, కరిచిన కుక్క ఏదో తెలీనప్పుడు వ్యాక్సిన్ వేసిన కుక్కకైనా మళ్ళీ బూస్టర్ వేస్తారు. ఇన్ని రోజులైపోయింది ఇప్పుడెందుకులే అని కూడా అనుకోవద్దు, ఈ రోజే తీసుకెళ్ళండి, మిగతాది వచ్చాక చదువుకోవచ్చు.

సరే. అక్టోబర్‌లో గోడ దూకాడు అన్నారు చూడండి, అక్కడ నాకు నవ్వొచ్చింది. చిత్తకార్తె అండీ అది. అక్టోబర్ రెండో వారంలో మొదలై ఇంచుమించు రెండు వారాలు. చిత్తకార్తె కుక్కల్లా అని మన పెద్దవాళ్ళు తిట్టేది ఊరికే పుట్టిన తిట్టు కాదు, మన వీధి ఆడకుక్కలు ఎక్కువగా వానలు తగ్గే ఆ రోజుల్లోనే ఎదకి వస్తాయి, ఊళ్ళో మగకుక్కలన్నీ తిండీ నిద్రా మానేసి గుంపుగా వాటి వెనకే తిరుగుతాయి. మీవాడికి అప్పుడు ఎనిమిది నెలలు, ఒంట్లో మగ హార్మోన్ ఉరకలేసే వయసు, గాల్లో ఆ వాసన, గేటు అవతల మిగతా కుర్రాళ్ళంతా పోగై ఉన్నారు, ఇంక దూకకుండా ఎలా ఉంటాడు. వాడేం చెడిపోలేదు, తొమ్మిదో క్లాసు కుర్రాడి వయసులో ఉన్నాడు అంతే. రెండు నెలల నుంచి పిలిస్తే రాకపోవడం, నేర్పినవన్నీ మర్చిపోయినట్టు నటించడం కూడా ఉండే ఉంటుంది, మీరు రాయలేదు గానీ నాకు తెలుసు, ముగ్గుర్ని పెంచాను.

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు, అందుకే తల తిరుగుతోంది. చేయించాలా వద్దా అన్నది మీ ఇల్లు, మీ గోడ, మీ ఇంట్లో ఎవరికి ఎంత ఓపిక ఉంది అన్నది చూసుకుని తేల్చుకునే విషయం. ఎప్పుడు అన్నది మాత్రం వాడి ఎముకలు చూసి తేల్చాలి. మీ డాక్టర్లిద్దరూ ఒకరినొకరు కాదన్నట్టు కనిపిస్తున్నారు గానీ నాకైతే మొదటాయన వీధిలో పుట్టబోయే పిల్లల్ని చూసి మాట్లాడారు, రెండో ఆయన మోకాలి కీలు చూసి మాట్లాడారు అనిపిస్తోంది. ఇద్దరూ తప్పు చెప్పలేదు.

ఎప్పుడు అన్నదే ముందు చెప్తాను, అది తేలిగ్గా అర్థమయ్యేది. మా నాన్నగారిది వ్యవసాయం, ఇంట్లో ఎప్పుడూ ఒంగోలు ఎడ్లే. కోడెదూడకి రెండు పళ్ళు వేసేదాకా విత్తులు నొక్కించనిచ్చేవారు కాదు. తొందరపడి ముందే నొక్కిస్తే మూపురం రాదు, మెడ కండ కట్టదు, కాడి కింద నిలబడదు అనేవారు. అదే మేకపోతుకైతే పసితనంలోనే చేయించేవాళ్ళు, అది బరువు లాగక్కర్లేదు కదా, పండగ నాటికి కొవ్వు పడితే చాలు. ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు గానీ ఇప్పుడు పెద్ద కుక్కల గురించి డాక్టర్లు చెప్తున్నది ఇంచుమించు అదే మాట. పెరిగే కుక్కకి కాళ్ళ ఎముకల చివర్లో మెత్తటి పొర ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు, ఎముక సాగేది అక్కడే. ఇంక చాలు, గట్టిపడు అని ఆ పొరకి కబురు చేసేది విత్తుల్లో పుట్టే హార్మోన్లే. విత్తులు ముందే తీసేస్తే ఆ కబురు ఆలస్యంగా అందుతుంది, కాళ్ళు ఇంకాస్త సాగుతాయి, తుంటి దగ్గరా మోకాలి దగ్గరా కీలు కూర్చోవాల్సిన తీరు కొంచెం మారిపోతుంది. పది కేజీల కుక్కకి ఆ కొంచెం ఏమీ కాదు. ముప్పై ఐదు కేజీలు మోసే కీలుకి అవుతుంది.

అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు దీని మీద చాలా ఏళ్ళుగా లెక్కలు తీస్తున్నారు. 2013లో 759 గోల్డెన్ రిట్రీవర్ల రికార్డులు చూస్తే, ఏడాది లోపు ఆపరేషన్ అయిన మగవాటిలో తుంటి కీలు జబ్బు, హిప్ డిస్‌ప్లాసియా అంటారే అది, ఆపరేషన్ చేయించని వాటికి రెట్టింపు కనపడింది, దాదాపు నూటికి పది. 2016లో జర్మన్ షెపర్డ్‌లు చూస్తే ఇంకా దారుణం, చేయించని మగవాటిలో కీళ్ళ జబ్బులు నూటికి ఏడు, ఏడాది లోపు చేయించిన వాటిలో నూటికి ఇరవై ఒకటి. 2020లో 35 జాతులకి విడివిడిగా రాశారు. చిన్న జాతుల్లో చాలావాటికి కీళ్ళ విషయంలో తేడానే లేదు. గోల్డెన్ మగకుక్కకి ఏడాది దాటాలి, జర్మన్ షెపర్డ్‌కి రెండేళ్ళు ఆగితే మంచిది అన్నారు. మీ లాబ్రడార్ మగాడు మధ్యలో ఉన్నాడు, ఆరు నెలల లోపు మాత్రం వద్దు అన్నారు. అమెరికా జంతు ఆసుపత్రుల సంఘం 2019లో ఇచ్చిన సూచన ఏంటంటే పెద్ద జాతి మగవాటికి పెరుగుదల ఆగాక, అంటే తొమ్మిది నుంచి పదిహేను నెలల మధ్య. అంటే లడ్డూ విషయంలో ఆరో నెల దాటిపోయి మీరు ఘోరం ఏమీ చెయ్యలేదు, ఆ డాక్టర్ గారి మాటకి బెంగపెట్టుకోకండి. అలాగని ఏడాదిన్నర దాకా గోడకి కాపలా కూర్చోవాల్సిన అవసరమూ లేదు.

మా మొదటి కుక్క రాజా జర్మన్ షెపర్డ్. అప్పట్లో ఇవేవీ తెలీదు, ఐదున్నర నెలలకే చేయించేశాం. వాడు తాటిచెట్టులా పెరిగాడు, సన్నటి ఛాతీ, పొడుగు కాళ్ళు, చూసినవాళ్ళంతా ఎంత ఎత్తున్నాడో అని మురిసిపోయేవాళ్ళు, మేమూ మురిసిపోయాం. నాలుగో ఏట మేడ మెట్లు దిగుతుంటే వెనక కాలి మోకాలి లిగమెంట్ తెగింది. దానికీ దీనికీ సంబంధం ఉందని ఒట్టేసి చెప్పలేను, లిగమెంట్ మామూలు కుక్కలకీ తెగుతుంది. కానీ మళ్ళీ పెద్ద కుక్కని పెంచితే మాత్రం అంత తొందర పడను.

ఇప్పుడు చేయించాలా అన్నది. మీరు రాసిన వాటిని ఒకే మూటలో కట్టకండి, విడదీసి చూడండి. ఆడకుక్క వాసనకి పారిపోవడం ఆపరేషన్ తర్వాత బాగా తగ్గుతుంది, ఎక్కువ కుక్కల్లో. ఎక్కడం, కాలెత్తి ప్రతి చక్రం మీదా సంతకం పెట్టడం, మగకుక్కని చూస్తే మీద పడటం, ఇవీ చాలావాటిలో తగ్గుతాయి కానీ పూర్తిగా పోతాయని అనుకోవద్దు. వాషింగ్ మెషీన్ మీద వాసన ఉన్నంతకాలం అక్కడ పోస్తూనే ఉంటాడు, ఆ చోటు సబ్బుతో కడిగి తర్వాత వెనిగర్ నీళ్ళతో తుడవండి, ఫినాయిల్ పొయ్యకండి. దిండు ఎక్కడం సగం సరదాకి, సగం ఒళ్ళు ఊరుకోక. మీ బాబు కాలు ఎక్కినప్పుడు అందరూ నవ్వినా అరిచినా వాడికి ఆట దొరికినట్టే, ఏమీ మాట్లాడకుండా బాబుని లేపి ఇంకో గదిలోకి పంపెయ్యండి, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది.

వాటర్ క్యాన్ అబ్బాయి మీద గుర్రుమనడం మాత్రం వేరే సంగతి, దీన్ని నేను కొంచెం గట్టిగా చెప్పాలి. రేపు ఆ అబ్బాయి వచ్చినప్పుడు లడ్డూ మొహం కాదు, ఒళ్ళు చూడండి. చెవులు వెనక్కి అణిగి, తోక కిందకి పోయి, ఒక అడుగు ముందుకి వేసి రెండు అడుగులు వెనక్కి వేస్తూ మొరుగుతుంటే అది మగతనం కాదండీ, భయం. ఇరవై లీటర్ల క్యాన్ భుజాన పెట్టుకుని ధబ్ ధబ్‌మని లోపలికొచ్చే మనిషి వాడి కళ్ళకి ఎలా కనిపిస్తాడో ఆలోచించండి. భయంతో వచ్చే కోపం విత్తులు తీస్తే పోదు, కొన్ని కుక్కల్లో పెరుగుతుంది కూడా. ఇది తెలీక ఎంతమంది కరుస్తున్నాడని ఆపరేషన్ చేయించి, చేయించాక కూడా కరుస్తున్నాడని తీసుకెళ్ళి ఎక్కడో వదిలేశారో, అలాంటివి రెండు నాకే తెలుసు. ఆ అబ్బాయి చేతిలో ఉడికించిన చికెన్ ముక్కలు నాలుగు పెట్టండి, గేటు బయట నిలబడి క్యాన్ కింద పెట్టి, వాడి కళ్ళల్లోకి చూడకుండా ఒక్కోటి విసరమనండి. లోపలికి రావడం తర్వాత. వారానికి రెండు మూడు సార్లు వస్తాడు కాబట్టి ట్రైనర్‌కి ఫీజు ఇవ్వకుండానే నెలకి పది పాఠాలు. మూడు నెలల తర్వాత కూడా భయం ఇలాగే ఉంటే ఆపరేషన్ ఇంకొన్ని నెలలు వెనక్కి నెట్టండి, ముందు ఆ భయం సంగతి కుక్కల ప్రవర్తన తెలిసిన డాక్టర్‌కి చూపించండి.

క్రాసింగ్ విషయం. ఒక్కసారి చేయిస్తే నెమ్మదిస్తాడన్నది ఎవరు పుట్టించారో గానీ ఊరూరా ఉంది. ఆకలి తెలీని వాడికి బిర్యానీ రుచి చూపిస్తే ఆకలి తగ్గుతుందా? వాడికి ఆ సంగతి తెలిసొచ్చి ఇంకా ఎక్కువ తిరుగుతాడు. అదీకాక మీవాడి తుంటి కీళ్ళు ఎలా ఉన్నాయో ఎక్స్‌రే తీయించలేదు, ఆ ఆడదానికీ తీయించి ఉండరు, ఎనిమిది పిల్లలు పుడితే ఏడుగురికి ఇళ్ళు ఎవరు వెతుకుతారు. మీకిస్తామన్న ఆ ఒక్క పిల్లని తలుచుకుంటే ముద్దుగానే ఉంటుంది, రెండు లాబ్‌లు ఇంట్లో ఒకేసారి రెండు నెలల పాటు గుమ్మాలు కొరుకుతుంటే మళ్ళీ నాకే ఉత్తరం రాస్తారు.

ఇంకో మాట, కొంచెం ఇబ్బందికరమైందే. అక్టోబర్‌లో ఆ ఒకటిన్నర రోజులో వాడు ఏం చేసొచ్చాడో మనకి తెలీదు. మన వీధికుక్కల్లో టీవీటీ అని ఒక గడ్డ ఉంది, క్యాన్సరే గానీ అంటుకునే క్యాన్సర్, జతకట్టినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఆ కణాలే అతుక్కుని పెరుగుతాయి. మన దేశంలో మామూలుగా కనిపించేదే. రాబోయే కొన్ని నెలలు వాడు పడుకున్న చోట రక్తం చుక్కలు పడుతున్నాయేమో, అంగం దగ్గర అస్తమానం నాకుతున్నాడేమో గమనించండి. కనిపిస్తే భయపడకండి, వారానికొకటి చొప్పున ఇంజక్షన్లు ఇస్తే ఎక్కువగా నయమైపోతుంది, కానీ మా చుట్టాలబ్బాయి కుక్కలాగా మూత్రంలో వేడి చేసిందిలే అని రెండు నెలలు సబ్జా నీళ్ళు తాగిస్తూ కూర్చోకూడదు.

మీవారి మాటకి వద్దాం. నేను ఆయన్ని వెక్కిరించను, మావారూ అచ్చం అదే మాట అన్నారు. మా రెండో కుక్క పేరు బాబు, లాబ్ క్రాస్, వాడికి ఆయన పంతం మీదే చేయించలేదు, వాడూ హాయిగానే పెరిగాడు, ఎందుకంటే మాకు అప్పుడు ఆరడుగుల గోడ ఉంది, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు, బెల్టు లేకుండా ఒక్క రోజు బయటికి వదల్లేదు. చేయించకపోతే కుక్క పాడైపోతుందని నేను అనను. కానీ ఎనిమిదో ఏట ఒక రోజు వాకింగ్‌లో వాడు దొడ్డికి కూర్చుని లేవడం లేదు, ముక్కుతున్నాడు, నడుం వంచి రెండడుగులు జరిగి మళ్ళీ ముక్కుతున్నాడు, వచ్చింది కూడా రిబ్బన్‌లాగా చదునుగా వచ్చింది. ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి పేగుని నొక్కేస్తోంది అన్నారు డాక్టర్. ఆపరేషన్ చేయించని మగకుక్కల్లో ఐదేళ్ళు దాటాక నూటికి ఎనభైకి పైగా వాటికి ఆ గ్రంథి ఎంతో కొంత పెరుగుతుంది, అన్నిటికీ ఇంత ఇబ్బంది రాదు, మావాడికి వచ్చింది. చివరికి ఎనిమిదేళ్ళ వయసులో, ఆ వయసుకి తగ్గ మత్తు భయాలన్నీ పడుతూ, ఆ ఆపరేషనే చేయించాం. నెల తిరిగేసరికి మామూలుగా కూర్చుని లేచాడు. మత్తు ఇచ్చిన రాత్రి వాడి పక్కన చాప వేసుకుని పడుకున్నది ఎవరో చెప్పక్కర్లేదు, పంతం పట్టిన ఆ మహానుభావుడే.

మగతనం అన్న మాట మనదండీ, కుక్కది కాదు. మత్తు దిగాక వాడు వెతుక్కునేది గిన్నె. అత్తయ్యగారికి చెప్పండి, పాపం అంటే మీ వాడి వల్ల ఏ వీధిలోనో పుట్టి లారీ కింద పడే పిల్లలది పాపం అని. ఆవిడ కుక్కలంటే జాలి ఉన్న మనిషిలా ఉన్నారు, ఆ మాట ఆవిడకి తగులుతుంది. చట్టం సంగతి కూడా అడిగితే, 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో పెంపుడు జంతువుకి టీకాలు, నులిపురుగుల మందు, ఈ ఆపరేషన్, అన్నీ యజమాని బాధ్యతే అని రాసి ఉంది. చెవికి కత్తెర గాటు పెట్టి వదిలేసే వీధికుక్కల ఏబీసీ పని, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, మున్సిపాలిటీది, మన ఇంట్లోది మనది.

కాబట్టి నా మాట ఇది: గోడ ఒకసారి దూకాడు, రుచి తెలిసింది, మీ ఇంట్లో పగలంతా వాడికి కాపలా కూర్చునే తీరిక ఎవరికీ ఉన్నట్టు లేదు, చేయించండి. రేపు కాదు. సంక్రాంతి చుట్టాలందరూ వెళ్ళిపోయాక, ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చి మొదటి వారంలోనో, అప్పటికి వాడికి ఏడాది నిండుతుంది, ఎముకలు చాలావరకు గట్టిపడతాయి. ఇంకా ఆగుదాం అనుకుంటే ఎండలు వచ్చేస్తాయి, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో విజయవాడలో లాబ్‌కి మామూలుగానే ఊపిరాడదు, కుట్లు నాకకుండా మెడకి పెట్టే ప్లాస్టిక్ కోన్ తగిలించి కరెంటు పోయిన మధ్యాహ్నం పడుకోబెడితే చూడలేరు. అది దాటితే వానలు, తడి, గోమార్లు. అవన్నీ దాటేసరికి మళ్ళీ చిత్తకార్తె. ఈలోపు గోడ మీద ఇంకో రెండడుగులు జాలీ కట్టించండి, గేటుకి లోపలి గొళ్ళెం, వాకింగ్‌కి గట్టి బెల్టు.

ఆపరేషన్‌కి తేదీ తీసుకునేముందు ఒకటి చూడాలి, రెండు విత్తులూ సంచిలోకి దిగాయా. మామూలుగా రెండు నెలలకే దిగిపోతాయి, ఆరు నెలలకి కూడా ఒకటి పైనే ఉండిపోతే అది ఇక రాదు, అలాంటిది పొట్టలోనే ఉండి ముందు ముందు క్యాన్సర్ అయ్యే ప్రమాదం ఎక్కువ. అదే గనక అయితే చేయించాలా వద్దా అన్న చర్చ లేదు, రెండూ తీయించాల్సిందే, ఆపరేషన్ కూడా కొంచెం పెద్దది. బూస్టర్‌కి వెళ్తున్నారు కదా, అప్పుడే చూడమనండి, అర నిమిషం పని.

రెండోది రక్త పరీక్ష, దీని దగ్గర నేను ఒకసారి దెబ్బతిన్నాను. మా మూడోవాడు కర్రోడు, వీధిలోంచి తెచ్చిన దేశీ కుక్క, పద్దెనిమిది కేజీలు, అంత చిన్నవాడికి ఎముకల బెంగ లేదు కాబట్టి ఏడో నెలలోనే ఒక క్లినిక్‌లో చేయించాను. పరీక్షలెందుకండీ పడుచు కుక్క కదా, అరగంట పని అన్నారు. నేనూ సరే అన్నాను. రాత్రి పదకొండింటికి చూస్తే కుట్ల దగ్గర నుంచి రక్తం చుక్క చుక్కగా కారుతూనే ఉంది, ఖాళీ సంచి నల్లగా నిమ్మకాయంత ఉబ్బింది, ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు. తెల్లవారుజామున ఇంకోచోట పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు సగానికి సగం తక్కువ. టిక్ ఫీవర్, గోమార్లు కుట్టి వచ్చే ఎహర్లీషియా, పైకి జ్వరం లేకుండా లోపల ఎప్పటినుంచో ఉంది. బతికాడు, కానీ నెలరోజులు మందులు మింగించాను, ఆ రాత్రి సంగతి ఇప్పటికీ తలుచుకోవాలని ఉండదు. మన ఎండలకి గోమార్లు లేని ఇల్లు లేదు. అందుకని ప్లేట్‌లెట్లతో సహా రక్త పరీక్ష, లివర్, కిడ్నీ, ఇవి చూడకుండా మత్తు ఇస్తామంటే లేచి వచ్చెయ్యండి. మీకు దగ్గర్లో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా అడిగి చూడండి.

ఆపరేషన్ ముందు రాత్రి నుంచి తిండి ఆపమంటారు, ఎన్ని గంటలో డాక్టర్ చెప్తారు, మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి. అత్తయ్యగారు పాపం పిల్లాడు ఆకలిగా ఉన్నాడని తెల్లారగట్ల పెరుగన్నం పెట్టకుండా చూసుకోండి, నిజంగానే జరుగుతాయి ఇవి. కోసేది అంగానికీ సంచికీ మధ్య చిన్న గాటు, లోపలి నుంచి రెండూ తీసేసి కుట్టేస్తారు. సంచి అలాగే ఉంటుంది, రెండు మూడు రోజులు కొంచెం ఉబ్బి తీశారా లేదా అన్నట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. రోజురోజుకీ పెరుగుతుంటే, రక్తం కారుతుంటే, మర్నాటికి కూడా ఏమీ తినకపోతే అప్పుడు పరిగెత్తండి. నొప్పికి డాక్టర్ ఇచ్చిన మందే, మన ఇంట్లో ఉండే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కకి విషం. కోన్ మాత్రం కుట్లు విప్పేదాకా, పది నుంచి పద్నాలుగు రోజులు, తియ్యకండి. వాడు దాన్ని తలకి బకెట్ తొడిగినట్టు మోసుకుంటూ ప్రతి గుమ్మానికీ గుద్దుకుంటాడు, మీ పిక్కల మీద నీలం మచ్చలు పడతాయి, నీళ్ళ గిన్నె తిరగబడుతుంది, అందరికీ జాలేస్తుంది, ఎవరో ఒకరు ఐదు నిమిషాలు తీసేద్దాం అంటారు, ఆ ఐదు నిమిషాల్లోనే కుట్లు నాకి లాగేస్తాడు. గిన్నె స్టూలు మీద పెట్టండి, తాగుతాడు. స్నానం లేదు, మెట్లు, పరుగులు లేవు. ఇంకోటి చాలామందికి తెలీదు, తీసేసిన మర్నాటి నుంచే వాడు పనికిరాకుండా పోడు, దారిలో మిగిలిన బీజకణాలు కొన్ని వారాలు ఉంటాయి, నెల పైన ఆడకుక్కలకి దూరంగా ఉంచండి. గుణాలు కూడా మర్నాడే మారవు, రెండు మూడు నెలలు పడుతుంది.

ఇక తిండి. మేకపోతు సంగతి చెప్పాను కదా, అదే మీవాడికీ జరుగుతుంది, ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సింది నాలుగో వంతు దాకా తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. అసలే లాబ్రడార్. వీటిలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో కడుపు నిండిందన్న సంగతి మెదడుకి చెప్పే జన్యువు ముక్క తెగి ఉంటుందని కేంబ్రిడ్జ్ వాళ్ళు 2016లో పట్టుకున్నారు, అంటే మీవాడు తినలేదు తినలేదు అని చూసే చూపు నాటకం కూడా కాకపోవచ్చు, పాపం నిజంగానే ఆకలేమో. అయినా పెట్టకూడదు. ఇంకో పాత ప్రయోగం ఉంది, 48 లాబ్రడార్లని పిల్లలుగా ఉన్నప్పటి నుంచి చచ్చేదాకా చూశారు, సగం వాటికి నాలుగో వంతు తక్కువ తిండి, ఆ సన్నగా ఉన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళనొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి. కొలత గ్లాసు ఒకటి పెట్టి, అందులో ఆపరేషన్ తర్వాత గీత ఎక్కడో మార్కర్‌తో గీసెయ్యండి, టీ తాగేటప్పుడు అందరూ వేసే బిస్కెట్లు ఆ గ్లాసులోంచే తియ్యాలి అని ఇంట్లో రూల్ పెట్టండి. పక్కటెముకలు చేత్తో తడిమితే తెలియాలి, కంటికి కనపడక్కర్లేదు.

ఆ రోజుకి మీవారిని సెలవు పెట్టమనండి, మత్తు దిగని ముప్పై కేజీల కుక్కని కారులోంచి వరండా దాకా మీరొక్కరే మొయ్యలేరు, ఇంట్లో ఒక చాప కూడా సిద్ధంగా ఉంచండి. ఈలోపు బూస్టర్ వేయించారో లేదో, చెవి ఎలా ఉందో, డాక్టర్ చేతికి రెండు విత్తులూ తగిలాయో లేదో నాకు రాయండి.